ఇంటికొకరు

దేముడమ్మకు కుడి మోకాలు మార్చి ఏడాది దాటింది. కొత్త మోకాలిని తప్పు పట్టడానికేమీ లేదు. నొప్పి పెట్టదు, వాయదు, ముసురు పట్టిందని సలపదు. నిలబెడితే గుంజలా నిలబడుతుంది. కాకపోతే ఒంగదు. కుర్చీలో కూర్చోవడానికి కావలసినంత ఒంగి, ఆపైన ఇక నా వల్ల కాదన్నట్టు ఆగిపోతుంది. అది తప్పించుకున్న పనంతా మిగతా ఒళ్ళు చెయ్యాలి కనుక, ఇప్పుడు నొప్పి ఎడమ మోకాల్లోకి, కుడి తుంటిలోకి, అరికాళ్ళలోకి చేరింది. ఆపరేషనుకు ముందు నొప్పి ఒకచోట ఉండేది, డాక్టరుకి చెయ్యి వేసి చూపించడానికి వీలుండేది. ఇప్పుడు పొద్దున్నే లేచి అది ఎక్కడ కాపురం పెట్టిందో వెతుక్కోవాలి.

"ఇయ్యాల ఏ కాలత్తా?" అంది కోడలు రాధ, టీ గ్లాసు చేతికిస్తూ.

"తెల్దే. ఆటిలో ఆటి మాటాడుకుని వొంతులేసుకుంటన్నట్టున్నాయి. మద్దేనానికి సెప్తాను."

రాధ నవ్వింది. ఈమధ్య ఆ ఇంట్లో నవ్వేది ఈ ఒక్క విషయానికే. ఊరి చివర మింగళాడోన్‌లో రాధ కుట్టుపని చేసే ఫ్యాక్టరీ సమ్మెతో మూతపడింది. కొడుకు వాసు టాక్సీ వీధిలో దుమ్ము కొట్టుకుని నిలబడి ఉంది. ఫిబ్రవరిలో బర్మా సైన్యం గద్దెనెక్కిన దగ్గర్నుంచి యాంగోన్ ఊరికి ఊరే ఇంట్లో కూర్చుంది. దేముడమ్మకు మాత్రం అది కొత్త కాదు. ఆమె కూర్చుని అప్పటికే ఏడాదైంది.

లమ్మడా పేటలో వాళ్ళ ఇల్లు నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. మెట్లు నిచ్చెనలా నిటారుగా, ఒక మనిషి పట్టేంత ఇరుకుగా ఉంటాయి. ఆపరేషనై ఇంటికి వచ్చిన కొత్తలో ఆసుపత్రి నుంచి మా తిరి అనే బర్మా పిల్ల వచ్చి కాలు ఒంచి కసరత్తు చేయించేది. ఇంకా రెండు నెలలు చేస్తే పూర్తిగా ఒంగుతుందంది. ఇంతలో కరోనా వచ్చి దారులు మూసేసింది. అది సద్దుమణిగి మళ్ళీ నాలుగుసార్లు వచ్చిందో లేదో, ఈ గొడవ మొదలైంది. మా తిరి ఆసుపత్రి వదిలి సమ్మెలోకి పోయింది. ఇప్పుడు ఎక్కడ దాక్కుందో ఏమో, ఫోను పలకదు. దేముడమ్మ ఆ పిల్లని చాటుగా పోలీసమ్మ అని తిట్టుకునేది. ఇప్పుడు పేరు తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది.

బాల్కనీయే ఆమె లోకం. ఆ వీధిలో ప్రతి ఇంటి బాల్కనీ నుంచీ ఒక తాడు కిందికి వేలాడుతుంది. తాడు కొసకి క్లిప్పు, పైన చిన్న గంట. కూరలమ్మి తాడు లాగితే పైన గంట మోగుతుంది, సంచి క్లిప్పుకి తగిలిస్తే చేదుకోవాలి. దేముడమ్మ కుర్చీ రైలింగుకి ఆనించుకుని, చాటలో ఎండు మిరపకాయలు పోసుకుని, టోకు షావుకారు కోసం తొడిమలు తీస్తూ వీధిని చూస్తూ ఉంటుంది. వీధి మొగలో కుర్రాళ్ళు ఇసక బస్తాలు, వెదుళ్ళు, పాత సోఫాలు అడ్డం పేర్చారు. సైన్యం ట్రక్కులు లోపలికి రాకుండా. ఏ ఇంటి సోఫా ఏదో ఆమెకు తెలుసు. పై నుంచి అన్నీ తెలుస్తాయి.

ఆరోజు కూడా అలాగే చూస్తోంది. వాసు టాక్సీ తుడిచి వస్తానని కిందికి వెళ్ళాడు. ట్రక్కులు హారన్ లేకుండా వచ్చాయి. కుర్రాళ్ళు పిట్టల్లా సందుల్లోకి పోయారు. మిగిలింది కారు తుడిచేవాడూ, టీ కొట్టువాడూ, పాలకోసం దిగిన ముసలాయనా. సైనికులు వాళ్ళనే పట్టుకున్నారు. అడ్డంకి కట్టింది మీరే, మీరే తియ్యండి అన్నారు. తియ్యడం కూడా నిలబడి కాదు. మోకాళ్ళ మీద.

వాసుకి నలభై దాటాయి. కాస్త పొట్ట ఉంది. ఇసక బస్తా రెండు చేతులా పట్టుకుని, మోకాళ్ళ మీద జరుగుతూ, రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర మురిక్కాలవ దాకా ఈడ్చాడు. వెనక ఒక సైనికుడు తుపాకీ గొట్టం అతని మెడమీద ఆనించి నడుస్తున్నాడు. మధ్యలో లుంగీ ముడి వదులైంది. బస్తా వదిలితే దెబ్బ పడుతుంది. వదలకపోతే లుంగీ జారుతుంది. వాసు బస్తా వదల్లేదు. మోచేత్తో లుంగీని పొట్టకి నొక్కిపెట్టుకుని, గడ్డంతో బస్తాని తోస్తూ అలాగే పాకాడు.

కొడుకు ఏ క్షణంలోనైనా తల ఎత్తుతాడని, ఎత్తితే తను కనిపిస్తానని తోచి, దేముడమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేచి, మిరపకాయల చాట కాలితో తన్నుకుని, గదిలోకి వచ్చి పడింది.

వాసు పైకి వచ్చేసరికి ఆమె మంచం మీద కళ్ళు మూసుకుని ఉంది. అతను తలుపు దగ్గరే ఆగాడు.

"అమ్మా. సూసేవేటి?"

"ఏట్రా? నాను తొంగున్నాను. ఏటయింది?"

"ఏట్లేదు" అన్నాడు. బాల్కనీలో చెల్లాచెదురుగా పడి ఉన్న మిరపకాయల వంక ఒకసారి చూశాడు. స్నానాలగదిలోకి వెళ్ళి నీళ్ళు వదులుకున్నాడు. ఆ నీళ్ళు అలా పడుతూనే ఉన్నాయి.

తరవాత వాసు మంచం దిగలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. మోకాళ్ళ చర్మం లేచిపోయి పచ్చిగా ఉంటే రాధ పసుపూ నూనే రాయబోయింది, కాళ్ళు ముడుచుకున్నాడు. అన్నం పెడితే నాలుగు మెతుకులు కెలికి కంచం తోసేశాడు. వీధిలో కుర్రాళ్ళు రాత్రికి రాత్రే అడ్డంకి మళ్ళీ కట్టారు. ఆ చప్పుడుకి కూడా కదల్లేదు.

"అద్దె కారు అల్లా పడుంటే ఓనరు ఊరుకుంటాడేటి?" అని రాధ మెల్లిగా అంటే, "తాళాలు నువ్వే ఇచ్చీ. నేనింక ఈదిలోకి దిగను" అన్నాడు.

"ఎన్నాళ్ళు దిగవు?"

"అమ్మ దిగుతోందా? ఆవిడకి గడుస్తంది కదా. నాకూ గడుస్తాది."

ఆ మాట పక్కగదిలో దేముడమ్మ చెవిన పడింది. ఆమెకు కోపం వచ్చింది. ఒక్క మెట్టు కిందికి దిగడానికి తను పడే యాతన ఎవడికి కావాలి? ఒంట్లో బలమున్న మనిషి, పదడుగుల గదిలో గోడ చూస్తూ తన బతుకుతో పోటీ పెట్టుకుంటాడా? లేచి వెళ్ళి రెండు చీవాట్లు పెట్టాలనుకుంది. లేవబోతే ఎడమ మోకాల్లో సూది దిగినట్టైంది. మళ్ళీ కూలబడి, వచ్చిన ఏడుపు మింగింది. వాడికి చెప్పడానికి తన దగ్గర ఒకే ఒక మాట ఉంది, చూశానురా అని. ఆ మాటతో వాడు బాగుపడతాడో, ఇంకా లోపలికి పోతాడో తెలియక ఊరుకుంది.

ఆ సాయంత్రం మైకు వచ్చింది. సైన్యం వచ్చాక వార్డు ఆఫీసులో కొత్తగా కూర్చున్న మనిషి, ట్రక్కులో తిరుగుతూ చెప్పాడు. రేపు పొద్దున్న ఇంటికొకరు వీధిలోకి రావాలి. వచ్చి అడ్డంకులు తీసి శుభ్రం చెయ్యాలి. ఏ ఇంటి నుంచి మనిషి రాడో ఆ ఇంట్లోకి మేమే వస్తాం.

ముగ్గురూ విన్నారు. వాసు గోడవైపు నుంచే అన్నాడు.

"నేనెల్లను. పైకొచ్చి కాల్చుకోమను."

"నేనెల్తాను" అంది రాధ.

"నోర్ముయ్. సంచౌంగ్ పేటలో ఆడోళ్ళని ట్రక్కెక్కించీసినారని నువ్వే కదా సెప్పినావు" అంది దేముడమ్మ.

"మరైతే ఎవలెల్తారత్తా? ఆళ్ళు పైకొస్తే ఈయన్ని ఇలాగ సూసి వొదిలీస్తారేటి? ఈయన ఊరుకుంటాడేటి?"

అదే అసలు భయం. వాసు ఊరుకునేట్టు లేడు. మళ్ళీ ఎవడైనా మెడమీద గొట్టం ఆనిస్తే తిరగబడతాడు. తిరగబడినవాళ్ళు ఏమవుతున్నారో ఆ నెలలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. వాడు దిగకూడదు, వాళ్ళు ఎక్కకూడదు. ఈ రెండూ జరగాలంటే ఇంట్లో మిగిలింది తనే.

తెల్లవారి వాసు లేవకముందే జుట్టు ముడి వేసుకుని, ఉతికిన తమేన్ నడుముకి బిగించి కట్టుకుంది. పండక్కి తప్ప చీర కట్టడం ఎప్పుడో మానేసింది. బర్మా ఆడవాళ్ళలాగే లుంగీలాంటి ఈ తమేన్ చుట్టుకోవడమే. కర్ర పట్టుకుని తలుపు తీస్తుంటే రాధ పరిగెత్తుకొచ్చింది.

"అత్తా, పిచ్చెత్తిందేటి? ఎలా దిగుతావు?"

"ఇంటికొకరన్నారు. నాను ఒకర్తిని కాదేటి? ఆడు లెగిస్తే ఆపు. గదికి గడియ పెట్టయినా ఆపు."

మంచి కాలు ముందు పైకి, మార్చిన కాలు ముందు కిందికి. మెట్ల దగ్గర ఇదొక్కటి గుర్తుంచుకో అని చెప్పేది మా తిరి. దేముడమ్మ మొదటి మెట్టు మీద నిలబడి ఆలోచించింది. ఇప్పుడు వీటిలో మంచిదేది? మార్చినది నొప్పెట్టదు కాని ఒంగదు. పాతది ఒంగుతుంది కాని నొప్పెడుతుంది. సరే, ఎవరి పని వాళ్ళు చెయ్యండర్రా అనుకుని కుడికాలు కర్రలా ముందుకి చాపి కిందికి దింపింది. బరువంతా ఎడమకాలి మీద పడింది. పళ్ళు బిగించింది. గోడకి భుజం రాసుకుంటూ, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ కలిపి ఊపిరి తీసుకుంటూ దిగింది. మూడో అంతస్తు తలుపు సందులోంచి ఎవరో చూసి మళ్ళీ మూసుకున్నారు. మొదటి అంతస్తు దగ్గర డా సాన్ అనే బర్మా ముసలామె తనూ దిగబోతూ ఆగి, మోచెయ్యి పట్టుకుని, బర్మాలో అక్కా అని పిలిచింది.

"అమాజీ, నువ్వా? మీవాడేడీ?"

"జ్వరం" అంది దేముడమ్మ బర్మా మాటలో.

వీధి కింది నుంచి ఇంత వెడల్పుగా ఉంటుందని ఆమె మరిచిపోయింది. జనం బస్తాలు మోస్తున్నారు. వార్డు మనిషి ఇంటి నంబరడిగి, ఆమె కర్ర వంక చూసి, ఒక చీపురు చేతిలో పెట్టాడు. ఒంగి ఊడ్చే పొట్టి చీపురది. దేముడమ్మ దాన్ని కర్రకి కట్టుకుని, నిలబడే ఊడ్చింది. ఇసక ఒక పక్కకి వచ్చింది. ఫరవాలేదు, ఈ పాటి అయితే గట్టెక్కేస్తాం అనుకుంది.

పని అయ్యాక ఆఫీసరు మాట్లాడతాడన్నారు. అందరినీ రోడ్డు మధ్యకి తోలి, మోకాళ్ళ మీద కూర్చోమన్నారు.

"డూ థౌ! డూ థౌ!"

మోకరించమన్న కేక. అందరూ ఒక్కసారే కిందికి పోయారు. ఆడా మగా, టీ కొట్టువాడూ, డా సాన్ కూడా. నిలబడి ఉన్నది దేముడమ్మ ఒక్కతే. తను అంత పొడుగు మనిషినని ఆమెకి ఎప్పుడూ అనిపించలేదు.

మీసాలు కూడా సరిగా రాని ఒక సైనికుడు తుపాకీ ఎత్తి వచ్చాడు. "వినబడలేదా ముసలీ? కూర్చో!"

"మోకాలు మార్చారు బాబూ. లోపల ఇనుము. ఒంగదు."

"అబద్ధం! కూర్చో!"

"నిజం బాబూ. చూడు" అంటూ దేముడమ్మ మచ్చ చూపించడానికి తమేన్ అంచు పట్టుకుని మోకాలి పైకి ఎత్తింది.

ఆ కుర్రాడు నిప్పు తొక్కినట్టు వెనక్కి గెంతాడు. మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆడదాని తమేన్ తగిలినా, దాని కింద నడిచినా మగవాడి మహిమ పోతుందని ఆ దేశంలో నమ్మకం. ఆ నెలంతా కుర్రాళ్ళు సైన్యాన్ని ఆపడానికి వీధులకి అడ్డంగా తాళ్ళు కట్టి తమేన్‌లే ఆరేశారు. దేముడమ్మకి ఇదంతా తెలుసు. పుట్టిందే ఇక్కడ. కాని డాక్టర్లకి చూపించీ చూపించీ ఆ కాలు ఆమెకి ఆడదాని కాలు కావడం ఎప్పుడో మానేసింది. తను చేసిందేమిటో అప్పుడు తెలిసింది. మోకరించినవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. వెంటనే వీధంతా బిగుసుకుపోయింది.

ఆఫీసరు దూరం నుంచే ఆ పొడుగాటి మచ్చని చూశాడు. దగ్గరికి రాలేదు.

"ఒంగదా? అయితే నిలబడే ఉండు. కదిలావో, వీళ్ళందరికీ నీ బదులు పడతాయి."

కర్ర లాక్కున్నారు. ఆఫీసరు ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఎండ నడినెత్తికి పాకుతోంది. కాసేపటికి ఎడమ మోకాలు లోపల కుతకుత ఉడికింది. తుంటిలోంచి పోటు వీపుకి ఎక్కింది. ఇనప మోకాలు మాత్రం తనకేమీ పట్టనట్టు నిలబడింది. దేముడమ్మ ఏ దేముడినీ తలుచుకోలేదు. పైకి చూడకూడదని మాత్రం అనుకుంది. చూడకుండా ఉండలేకపోయింది.

బాల్కనీలో వాసు ఉన్నాడు. బనీనుతో, రెండు చేతులా రైలింగు పట్టుకుని. రాధ వెనక నుంచి అతని నడుము చుట్టూ చేతులు వేసి లాగుతోంది. దిగకురా నాయనా, దిగకు, అరవకు అని దేముడమ్మ లోపల్లోపల బతిమాలుకుంది. తను కూలితే వాడు దిగుతాడు. కాబట్టి కూలకూడదు. అంతకుమించి ఆమె బుర్రలో ఇంకేమీ లేదు.

ట్రక్కులు వెళ్ళాక డా సాన్ ఆమె చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. "వీధంతా మోకరించాం అమాజీ. నువ్వొక్కదానివే నిలబడ్డావు. వాడి మొహం మీద తమేన్ ఎత్తావు!" ఎదురింటి పిల్ల దూరం నుంచి, సైన్యాన్ని ఎదిరించేవాళ్ళ గుర్తుగా మూడు వేళ్ళెత్తి దణ్ణం పెట్టింది. దేముడమ్మకు సిగ్గుతో చచ్చినంత పనైంది. మచ్చ చూపించానర్రా అంటే ఎవరూ వినిపించుకోలేదు.

వాసు చెప్పులు కూడా లేకుండా వచ్చాడు. తల్లి చెయ్యి తన మెడ చుట్టూ వేసుకున్నాడు. రెండో అంతస్తు దాకా ఎక్కేసరికి ఆమె ఇంక నా వల్ల కాదని గోడకి జారబడింది. కూర్చోవడానికి లేదు, మెట్టు మరీ కిందికి ఉంది. అతనే మెట్టు మీద కూలబడి, భుజం ఆసరా ఇచ్చాడు.

"ఈదంతా కూకుంది" అన్నాడు, కిందికి చూస్తూ. "నువ్వు నిలబడ్డావు. నేను కుక్కనాగ పాకాను."

"సూసాను" అంది దేముడమ్మ.

అతను తలెత్తాడు.

"తొంగున్నానని అబద్దమాడాను. అంతా సూసాను. లుంగీ జారిపోడం కూడాను." ఆమె ఊపిరి కూడదీసుకుంది. "ఒరే వాసూ, ఆ మాటలు ఈదోళ్ళని అననీ. నువ్వనకు. నాను నిలబడ్డానేటి? నిలబడ్డది డాక్టరెట్టిన ఇనుము. ఆ కాలు ఒంగితే ఆడు అరిసిన మొదటి కేకకే కూకుందును. పాకమంటే పాకుదును. తుపాకీ సూసీసరికి తమేన్ తడిసిపోనాది, అదెవలూ సూడనేదు. నువ్వు పాకినావు గావట్టి పానాలతో పైకొచ్చినావు. నా కొడుకు ఇంటికొచ్చినాడు. నాకింకేటి కావాల?"

వాసు ఆమె తమేన్ అంచుకి తల ఆనించి ఏడ్చాడు. దేముడమ్మ అతని నెత్తి నిమిరింది.

ఆరోజు వాసు అన్నం తిన్నాడు. మోకాళ్ళకి రాధని నూనె రాయనిచ్చాడు. పొద్దు వాలుతుండగా మైకు మళ్ళీ వచ్చింది. రేపు కూడా ఇంటికొకరు. రోజూ ఇంటికొకరు.

"నేనెల్తాను" అన్నాడు వాసు. గొంతు మామూలుగానే ఉంది.

దేముడమ్మ మంచం మీద కాళ్ళు చాపుకుని ఉంది. ఎడమ మోకాలు పొంగిన పూరీలా ఉంది. ఆమె చూస్తున్నది దాన్ని కాదు.

"కొత్త కాలట్టుకుని ఒంచు" అంది.

"ఇప్పుడా? నిలబడనేకపోతన్నావు."

"మా తిరి ఇంక రాదు. నువ్వే ఒంచాల. మడమ కింద సెయ్యెట్టి ఎనక్కి తొయ్యి. నానరిసినా వొదలకు."

"ఎందుకమ్మా?"

"రేపు నువ్వెల్తావు. ఎల్లుండి నీకు జొరమొస్తే ఎవలెల్తారు? మల్లీ కూకోమంటే కూకోవాల కదా. పేరూ ఊరూ తెలిసిపోనాది. ఇంకోపాలి నిలబడనివ్వరు."

వాసు కదల్లేదు. "వొద్దమ్మా. ఈ ఇంట్లో నీదొక్కటన్నా అలగుండనీ."

"అలగుంటే నన్ను సంపీస్తార్రా" అంది దేముడమ్మ, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

వాసు మంచం పక్కన నేలమీద, ఆ పచ్చి మోకాళ్ళ మీదే కూర్చున్నాడు. తల్లి మడమ అరచేతిలోకి తీసుకున్నాడు. వెనక్కి తోశాడు. కాలు ఎప్పుడూ ఆగేచోటికి వచ్చి ఆగింది. అతను ఆగి ఆమె మొహం చూశాడు.

"ఇంకా" అంది. తరవాత గుమ్మంలో నిలబడ్డ కోడలితో, "బాల్కనీ తలుపులు మూసీవే. నా అరుపు ఈదిలోకి ఇనబడకూడదు" అంది.

రాధ వెళ్ళి తలుపులు మూసింది.